చిన్న గ్యారేజీలో సీజన్ సామాను సర్దుకోవడం ఎలా?

కూలరు, రూమ్ హీటరు, గడ్డి కోసే మెషీను, టెంటు, గాలి నింపే ఈత కొలను, సైకిళ్లు, పొడవాటి నిచ్చెన. వీటిలో చాలావాటితో ఏడాదిలో మూడు నాలుగు నెలలే పని. మిగతా కాలమంతా చోటు తింటూ కూర్చుంటాయి. ఇంట్లో ఎక్కడా పట్టక చివరికి గ్యారేజీకి చేరతాయి. ఒక కారు పట్టే గ్యారేజీ అంటే ఇంచుమించు 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు. అందులో కారు పోగా మిగిలేది పక్కన రెండు సందులు, ముందు ఒక గోడ, పైన కప్పు.

ఇలాంటి చోట ఎక్కువమంది మొదట చేసే పని ర్యాకులు కొనడం. నన్నడిగితే అది ఆఖర్న చేయాల్సిన పని. సీజన్ సామానుకు ఒక మంచి గుణం ఉంది, అదంతా ఒకేసారి లోపల ఉండదు. కూలరు హాల్లో తిరుగుతున్నప్పుడు దాని చోటు ఖాళీ. హీటరు బయటికొచ్చాక దాని చోటు ఖాళీ. ప్రతి వస్తువుకూ ఒక సొంత చోటు ఇవ్వాలనుకుంటే ఎంత పెద్ద గ్యారేజీ అయినా చాలదు. ఒక్కో చోటును రెండు సీజన్లకు పంచితే చిన్నదే సరిపోతుంది. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

1. అన్నీ బయటికి తీసి జాబితా రాయండి

వాన లేని రోజు చూసుకుని గ్యారేజీ మొత్తం ఖాళీ చేయండి. సగం తీసి, మిగతా సగాన్ని అటూ ఇటూ జరుపుతూ సర్దుదామనుకుంటే సాయంత్రానికి ఎక్కడి గొంగళి అక్కడే ఉంటుంది. ప్రతి వస్తువుకూ నాలుగు సంగతులు రాసుకోండి: కొలతలు (పొడవు, వెడల్పు, ఎత్తు); ఉజ్జాయింపుగా బరువు; ఏ నెలల్లో వాడతారు; మడత పడుతుందా లేదా భాగాలుగా విడిపోతుందా. ఈ చివరిది చాలామంది చూడరు. గడ్డి మెషీన్ల హ్యాండిల్ మరలు వదులు చేస్తే చాలావాటికి అది ముందుకు వాలిపోతుంది, పట్టే చోటు బాగా తగ్గుతుంది. పెడస్టల్ ఫ్యాన్ కాడను అడుగు భాగం నుంచి ఊడదీయవచ్చు. సైకిల్ పెడళ్లు విప్పి, హ్యాండిల్ పక్కకు తిప్పితే గోడకు బాగా దగ్గరగా ఒదుగుతుంది.

గడిచిన రెండు సీజన్లలో ఒక్కసారీ బయటికి రాని వస్తువు కనిపిస్తే దానికి చోటు వెతకకండి, అది అవసరమున్న మనిషిని వెతకండి.

2. కారు లోపల పెట్టి కొలవండి

ఖాళీ గ్యారేజీని కొలిస్తే వచ్చే అంకెలు మోసం చేస్తాయి. కారు లోపలికి తెచ్చి, మీరు రోజూ నిలిపే చోటే నిలపండి. డ్రైవర్ వైపు తలుపు మనిషి దిగేంత తెరిచి, తలుపు అంచు ఎక్కడికి వస్తుందో నేల మీద సుద్దతో గీయండి. మామూలుగా దానికి రెండు, రెండున్నర అడుగులు కావాలి. డిక్కీ పైకి తెరుచుకునేదైతే పూర్తిగా లేపి, అది కప్పుకు ఎంత దగ్గరగా వెళ్తుందో చూడండి. తర్వాత గ్యారేజీ తలుపు కూడా తెరిచి చూడండి. పైకి జరిగే తలుపైతే తెరిచినప్పుడు కప్పు కింద సగం చోటు అదే తీసుకుంటుంది. తలుపు మూసి ఉన్నప్పుడు కప్పును కొలిచి అటక కట్టించుకుంటే, మొదటిసారి తలుపు లేపగానే అటక అడ్డం వస్తుంది.

ఇప్పుడు మిగిలిన ఖాళీ ఎక్కడుందో చూడండి. డ్రైవర్ వైపు సందు మనుషులది, దాన్ని ముట్టుకోకండి. అవతలి వైపు కారును గోడకు కాస్త దగ్గరగా జరపగలిగితే ఇటు ఇంకో అరడుగు కలిసొస్తుంది. ఇక అన్నిటికన్నా వృథాగా పడి ఉండేది బానెట్ ఎదుటి గోడ. బానెట్ ఎత్తు దాటాక, అంటే నేల నుంచి సుమారు 4 అడుగుల పైన, ఆ గోడంతా మీదే. అక్కడ షెల్ఫు ముందుకు పొడుచుకొచ్చినా దాని కిందకి బానెట్ దూరుతుంది. కాకపోతే కారు రోజూ ఒకే చోట ఆగాలి. కప్పు నుంచి ఒక టెన్నిస్ బంతిని దారంతో వేలాడదీసి, ముందు అద్దానికి తగలగానే ఆపడం అలవాటు చేసుకుంటే సరిపోతుంది.

కొన్ని చోట్లు మొదటే లెక్కలోంచి కొట్టేయండి. కరెంటు బోర్డు ముందు 3 అడుగులు ఖాళీగా ఉండాలి. ఇంట్లోకి వెళ్లే తలుపు దగ్గర, నీళ్ల వాల్వు దగ్గర, గ్యాసుతో నడిచే వాటర్ హీటరు చుట్టూ ఏమీ పెట్టకూడదు.

నేల తేమ కూడా చూసుకోవాలి. అడుగున్నర చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో నేలకు అంటించి ఒక రోజు వదిలేయండి. తీసినప్పుడు అడుగున నీటి చుక్కలు పట్టి ఉన్నా, కాంక్రీటు రంగు ముదిరినా తేమ నేలలోంచే వస్తోందన్న మాట. అలాంటి నేల మీద ఏ వస్తువునూ నేరుగా పెట్టవద్దు. చెక్క ప్యాలెట్ మీదో, ప్లాస్టిక్ స్టాండు మీదో 3, 4 అంగుళాలు లేపి పెట్టండి, కింద గాలి ఆడాలి.

3. జంటలు కట్టండి

జాబితాలో నెలలు రాశారు కదా, ఇప్పుడు అవి పనికొస్తాయి. ఒకటి బయటున్నప్పుడు లోపల ఉండేది, దాదాపు అంతే చోటు తీసుకునేది ఏదో వెతకండి. కూలరు, హీటరు సహజంగానే జంట. గడ్డి మెషీను పనిచేసే కాలంలో మంచు ఎత్తే పార, దాని సామాను లోపల ఉంటాయి. ఈత కొలను, టెంటు రెండూ ఒకే కాలంలో వాడేవైతే జంట కావు, వాటిని వేరేవాటితో కలపాలి. ఒక్కో జంటకు గోడ మీదో, నేల మీదో ఒక చోటు కేటాయించి, ఆ చోట రెండు పేర్లూ రాసి అంటించండి. ఆకారాలు అచ్చంగా కలవక్కర్లేదు. పెద్దదానికి సరిపడా చోటు ఉంటే చిన్నది ఎలాగూ పడుతుంది.

సీజన్‌తో సంబంధం లేకుండా వారం వారం తీసేవి, అంటే సైకిలు, పనిముట్ల పెట్టె లాంటివి, ఈ పంపకంలోకి రావు. వాటికి చేయి అందే ఎత్తులో, తలుపుకు దగ్గరగా శాశ్వతమైన చోటు ఇవ్వండి.

4. లోపల పెట్టే ముందు చేయాల్సినవి

ఎక్కువ టైమ్ దీనికే పెట్టండి. గ్యారేజీలో పాడయ్యే వస్తువుల్లో చాలావరకు అక్కడ పాడైనవి కావు. తడితో, పెట్రోలుతో, మట్టితో లోపలికి వెళ్లడం వల్ల పాడైనవి.

పెట్రోలు ఇంజన్లు: గడ్డి మెషీను గానీ జనరేటరు గానీ ట్యాంకులో పాత పెట్రోలుతో నెలల తరబడి కూర్చుంటే, పెట్రోలులో తేలికపాటి భాగం ఆవిరైపోయి మిగిలినది జిగురులా మారుతుంది. కార్బురేటరులో, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగంలో, పెట్రోలు వెళ్లే జెట్ రంధ్రం సూది మొనంత ఉంటుంది. ఆ గోధుమ రంగు జిగురు ఒక పల్చని పొరగా పట్టినా అది మూసుకుపోతుంది. సీజన్ మొదటి రోజున తాడు ఎన్నిసార్లు లాగినా స్టార్ట్ కాకపోవడానికి మామూలుగా ఇదే కారణం. ఇథనాల్ కలిపిన పెట్రోలైతే గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. అది ఎక్కువైతే నీరు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగున వేరే పొరగా చేరతాయి.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, ట్యాంకు ఖాళీ చేసి, ఆరుబయట ఇంజన్ స్టార్ట్ చేసి, కార్బురేటరులో మిగిలింది కూడా కాలిపోయి దానంతట అదే ఆగేదాకా వదలడం. రెండోది, తాజా పెట్రోలులో ఫ్యూయల్ స్టెబిలైజర్ కలిపి, ఆ మిశ్రమం కార్బురేటరు దాకా చేరేలా ఆరుబయట 10 నిమిషాలు నడపడం. పాత పెట్రోలులో స్టెబిలైజర్ పోస్తే లాభం లేదు, అది పాడవకుండా ఆపుతుందే కానీ పాడైనదాన్ని బాగు చేయదు. ఏ దారి పట్టినా ఇంజన్‌ను గ్యారేజీలో నడపకండి. తలుపు బార్లా తెరిచి ఉన్నా సరే, కార్బన్ మోనాక్సైడ్ లోపల పేరుకుంటుంది, వాసన ఉండదు, ఇంట్లోకి కూడా వెళ్తుంది.

ఇంజన్ ఆయిల్ కూడా పెట్టే ముందే మార్చండి. వాడిన ఆయిల్‌లో చేరిన ఆమ్లాలు నెలల తరబడి లోపలి లోహాన్ని తింటాయి. గడ్డి మెషీను అడుగున ఎండిన గడ్డి, మట్టి అట్టకట్టి ఉంటే అది తేమ పట్టి రేకును తుప్పు పట్టిస్తుంది. చెక్క ముక్కతో గీకి తీయాలి. అంతకుముందు స్పార్క్ ప్లగ్ వైరు తప్పనిసరిగా పీకేయండి. మెషీనును పక్కకు వాల్చేటప్పుడు ఎయిర్ ఫిల్టరు, కార్బురేటరు ఉన్న వైపు పైకి ఉండాలి. లేకపోతే ఆయిల్ వెళ్లి ఫిల్టరును తడిపేస్తుంది.

బ్యాటరీలు: లిథియం బ్యాటరీలను సగం ఛార్జితో, అంటే 40 నుంచి 60 శాతం మధ్య ఉంచి, పరికరం నుంచి తీసి ఇంట్లో చల్లని చోట పెట్టండి. ఎండకు కాలిపోయే గ్యారేజీ వాటికి మంచిది కాదు. లెడ్ యాసిడ్ బ్యాటరీలది సరిగ్గా దీనికి ఉల్టా. వాటిని నిండుగా ఛార్జి చేసి, వైర్లు విప్పి పెట్టి, ఒకటి రెండు నెలలకోసారి మళ్లీ ఛార్జి చేస్తుండాలి. విప్పేటప్పుడు మైనస్ వైరు ముందు. లెడ్ యాసిడ్ బ్యాటరీని కాంక్రీటు నేల మీద పెడితే ఛార్జి దిగిపోతుందని పెద్దవాళ్లు అంటుంటారు. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బా బ్యాటరీలకు ఆ భయం లేదు, ఎక్కడ పెట్టినా కొద్దికొద్దిగా దానంతట అదే దిగిపోతుంది. టార్చిలు, రిమోట్లలో ఉన్న పెన్సిల్ సెల్స్ కూడా తీసేయండి, అవి కారితే స్ప్రింగులు పచ్చగా చిలుము పడతాయి.

నీళ్లతో పనిచేసేవి: కూలరు ట్యాంకు ఖాళీ చేసి, అడుగున పేరుకున్న తెల్లటి ఉప్పును వెనిగర్ కలిపిన నీళ్లతో నానబెట్టి తోమండి. గడ్డి ప్యాడ్లయితే పారేయండి, వచ్చే సీజన్‌కు కొత్తవి వేసుకోవడమే మేలు. తేనెపట్టు ప్యాడ్లయితే కడిగి మళ్లీ బిగించి, పంపు ఆపేసి ఫ్యాను మాత్రం గంటసేపు నడపండి. ప్యాడ్ల మధ్యలో వేలు పెట్టి చూస్తే చల్లగా తగలకూడదు, తగిలితే ఇంకో గంట. డ్రెయిన్ మూత తీసే ఉంచండి, ఎక్కడో మిగిలిన చుక్క నీరు కూడా బయటికి పోవాలి. పాలిథిన్ కవర్‌తో బిగించి చుట్టకండి, లోపలి తేమ లోపలే ఉండి వాసన వస్తుంది. పాత దుప్పటి కప్పితే దుమ్మూ పడదు, గాలీ ఆడుతుంది. ప్రెషర్ వాషరు, తోట పైపులకు కూడా ఇదే పద్ధతి. గడ్డకట్టే చలి ఉండే చోట్ల ఇది ఇంకా ముఖ్యం, పంపులో మిగిలిన నీరు గడ్డకట్టి వ్యాకోచిస్తే పంపు పగిలిపోతుంది.

టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు, గాలి నింపేవి: పూర్తిగా ఆరాలి. టెంటు కుట్లు, మూలలు పట్టుకుని చూడండి, తడి అక్కడే దాక్కుంటుంది. నీడలో ఆరేయండి, ఎండ నైలాన్‌ను పాడు చేస్తుంది. కొన్నప్పుడు వచ్చిన ఇరుకు సంచిలో కుక్కి నెలల తరబడి ఉంచితే లోపలి పూత జిగురెక్కి పొరలుగా ఊడుతుంది. పెద్ద నూలు సంచిలో వదులుగా పెట్టండి. స్లీపింగ్ బ్యాగును నొక్కి పెట్టవద్దు, లోపలి దూది మళ్లీ ఉబ్బదు. రబ్బరు, వినైల్ సామానుకు టాల్కం పౌడరు చల్లి, వదులుగా చుట్టి గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో వేయండి. అట్టపెట్టెలు వద్దు. తేమ పీలుస్తాయి, చెదలకు మేత, ఎలుకలకు గూడు.

5. గోడకు బిగించండి

ఎంత వీలైతే అంత సామాను నేల వదిలి గోడ ఎక్కాలి. నిచ్చెన అడ్డంగా, సైకిళ్లు చక్రం పట్టి నిలువుగా, పారలు, పలుగులు కొక్కేలకు. రెండు సైకిళ్లు పక్కపక్కన తగిలించేటప్పుడు ఒకదాని కొక్కెం రెండోదానికంటే అడుగు పైన బిగిస్తే హ్యాండిళ్లు ఒకదానికొకటి తగలవు. హైడ్రాలిక్ బ్రేకులున్న సైకిలును నిలువుగా వేలాడదీస్తే, దింపాక ఎక్కేముందు బ్రేకు లివర్లు నాలుగైదు సార్లు నొక్కి చూసుకోండి.

బిగింపు గోడను బట్టి ఉంటుంది. ఇటుక గోడకు హ్యామర్ డ్రిల్‌తో ఇటుక మధ్యలో రంధ్రం వేయండి, సిమెంటు జాయింటులో వేస్తే పట్టు తక్కువ. తేలికపాటి బ్లాకులు, బోలు బ్లాకులకు మామూలు ఫాస్టనర్లు నిలవవు, వాటి కోసమే వచ్చే యాంకర్లు అడిగి తీసుకోండి. చెక్క ఫ్రేము మీద బోర్డు కొట్టిన గోడ అయితే బోర్డు ఏ బరువూ మోయదు, మర వెనకున్న చెక్క స్తంభంలోకి దిగాలి. అవి సాధారణంగా 16 లేదా 24 అంగుళాల ఎడంలో ఉంటాయి. స్విచ్ బోర్డుకు నేరుగా పైన, కింద ఎక్కడా డ్రిల్ చేయకండి, లోపల వైరు పైప్ అక్కడే వెళ్తుంది.

జంటలు మారుతుంటాయి కాబట్టి కొక్కేలు కూడా మారేలా ఉంటే మంచిది. దానికి చవకైన ఉపాయం ఒకటుంది. ముప్పావు అంగుళం మందం ఉన్న చెక్క పట్టీని పొడవునా 45 డిగ్రీల ఏటవాలుగా రెండుగా కోయించండి. ఒక ముక్కను, ఏటవాలు అంచు పైకి ఉండి గోడ వైపు దిగుతూ ఉండేలా, గోడ పొడవునా బిగించండి. రెండో ముక్కను తలకిందులుగా షెల్ఫు వెనకో, కొక్కేల పలక వెనకో బిగించండి. పైనుంచి తగిలిస్తే రెండు ఏటవాలు అంచులూ ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. బరువు పెరిగే కొద్దీ గోడకు ఇంకా దగ్గరగా అతుక్కుంటుంది. పక్కకు జరపాలంటే పైకి ఎత్తి వేరే చోట తగిలించడమే, కొత్త రంధ్రాలు అక్కర్లేదు.

కారు పక్క గోడకు నిలబెట్టే ర్యాకు కొనాల్సి వస్తే లోతు 12 నుంచి 16 అంగుళాలు దాటనివ్వకండి. బరువైనవి నడుము ఎత్తుకు కింద ఉండాలి. ర్యాకు పై భాగాన్ని ఎల్ బ్రాకెట్‌తో గోడకు కట్టాలి, లేకపోతే ఎవరైనా పట్టుకుని ఎక్కబోతే మీద పడుతుంది.

6. పైకి తేలికైనవే

అటక చూడగానే ఆశ పుడుతుంది. అయితే ఏటవాలు చెక్క కప్పుల అడుగు దూలాలను చాలా చోట్ల కప్పు బోర్డు మోయడానికే లెక్కేసి వేస్తారు, సామాను కోసం కాదు. కాంక్రీటు శ్లాబుకు వేలాడే బరువు వేయాలన్నా యాంకర్లు సరిగ్గా పడాలి, ఈ ఒక్క పని తెలిసినవాళ్ల చేత చేయించుకోండి. తలుపు పట్టాలకు, స్ప్రింగులకు ఏదీ కట్టకూడదు. ఆ స్ప్రింగుల్లో ఉండే బిగువు మనిషిని గాయపరిచేంత ఉంటుంది.

నేను పెట్టుకున్న నియమం ఒకటే: నిచ్చెన మీద నిలబడి ఒంటిచేత్తో దించలేనిది పైకి వద్దు. టెంటు సంచి, ఫోమ్ చాపలు, ఖాళీ సూట్‌కేసులు, ఈత కొలను డబ్బా వరకు సరే. కప్పు దగ్గర వేడి చాలా ఎక్కువ కాబట్టి స్ప్రే డబ్బాలు, పెయింట్లు, బ్యాటరీలు అసలు వద్దు.

7. నేల మీద ఉండక తప్పనివి

గోడ ఎక్కలేని బరువులకు కింద చక్రాలుండాలి. ప్లైవుడ్ పలకకు నాలుగు మూలలా చక్రాలు బిగించి, వాటిలో కనీసం రెండింటికి లాక్ ఉండేలా చూసుకోండి. గ్యారేజీ నేల సాధారణంగా తలుపు వైపు వాలుగా ఉంటుంది, లాక్ లేకపోతే జనరేటరు మెల్లగా కారు మీదకు వస్తుంది. ఒక జంటలో రెండూ ఇలాంటివే అయితే ఒక్క చక్రాల పలక సరిపోతుంది.

మిగిలిన పెట్రోలును, గ్యాస్ సిలిండర్లను మాత్రం గ్యారేజీలో ఉంచకండి. పెట్రోలు ఆవిరి, వంటగ్యాసు రెండూ గాలికంటే బరువు. నేల మీదే పాకుతూ వెళ్లి వాటర్ హీటరు మంటనో, స్విచ్ నిప్పురవ్వనో అందుకుంటాయి. పెట్రోలు అందుకోసం తయారైన క్యాన్‌లోనే, ఇంటికి దూరంగా ఉన్న షెడ్డులో ఉండాలి. సిలిండరును గాలి తగిలే చోట, ఆరుబయట, నిలువుగానే ఉంచాలి.

తలుపు అంచుల కింద పావు అంగుళం సందున్నా చిన్న ఎలుక దూరగలదు. రబ్బరు పట్టీ అరిగిపోతే మార్చండి, గోడలో పైపు వచ్చే రంధ్రాల్లో స్టీలు పీచు కుక్కి సీలెంట్ వేయండి.

8. మార్పిడి రోజు

సీజన్ మారేటప్పుడు ఒక పూట కేటాయించుకోండి. లోపలికి వెళ్లాల్సిన వస్తువును ముందు శుభ్రం చేసి, ఆరనివ్వండి. అది ఆరేలోగా దాని జంటను బయటికి తీసి, పనిచేస్తోందో లేదో ఒకసారి నడిపి చూడండి. హీటరైతే మొదటిసారి దుమ్ము కాలిన వాసన రావడం మామూలే. పొగ వస్తే మాత్రం ప్లగ్ పీకేయాలి. ఆ తర్వాతే ఖాళీ అయిన చోటును ఊడ్చి, రెండోదాన్ని పెట్టండి. ఏదైనా విడి భాగం కావాలని అప్పుడే తేలితే ఆ చోట ఒక చీటీ అంటించండి. సీజన్ నడిమధ్యలో కంటే ముందే కొనడం తేలిక.

విప్పిన మరలు, నట్లు ఒక చిన్న జిప్ సంచిలో వేసి ఆ వస్తువుకే టేపుతో అంటించండి. విప్పేముందు ఫోన్‌తో ఒక ఫోటో తీసి, అది ప్రింటు వేయించి అదే సంచిలో పెడితే, ఆరు నెలల తర్వాత బిగించేది మీరు కాకపోయినా ఇబ్బంది ఉండదు.